స్తంభోద్భవ బ్రాడ్‌బ్యాండ్

ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోవాలని ఉందా? ముందు ఆ ప్లాన్ల పట్టికలన్నీ మూసేసి గేటు బయటికి రండి. తలెత్తి మీ వీధి కరెంటు స్తంభాన్ని చూడండి. చుట్టలు చుట్టలుగా, ముడులు ముడులుగా, ఒకదాని మెడకొకటి చుట్టుకుని వేలాడుతున్న ఆ నల్లతీగల గుంపే మీరు కొనబోతున్న సరుకు. హిరణ్యకశిపుడు ఒక్క దెబ్బ కొడితే స్తంభం చీల్చుకుని నరసింహుడొచ్చాడు. మన స్తంభానికి పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు నిచ్చెన వేసి ఎక్కుతూనే ఉంటారు. అయినా మనకు దర్శనమిచ్చేది రూటర్ మీది ఎర్రలైటు మాత్రమే.

హోర్డింగుల మీద మాత్రం నిత్యం స్వయంవరమే. ఒక వరుడు 300 ఎంబీపీఎస్ అని ఛాతీ విరుచుకుంటాడు. ఇంకొకడు ఇరవై ఓటీటీ యాప్‌లు కన్యాశుల్కంగా ఇస్తానంటాడు. మూడోవాడు ఇన్‌స్టలేషన్ ఉచితం, రూటర్ ఉచితం, మొదటి నెల ఉచితం అంటాడు, ఇన్ని ఉచితాలకూ కలిపి ఆరు నెలల డబ్బు ముందే కట్టమంటాడు. మీరు మురిసిపోయి యాప్‌లో పిన్‌కోడ్ కొడతారు. అభినందనలు, మీ ప్రాంతంలో మేమున్నాం అంటూ స్క్రీన్ మీద రంగుకాగితాలు రాలతాయి. మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. చివరికి ఒక కుర్రాడు బైకు మీద వచ్చి, మీ గోడ వంకా స్తంభం వంకా మార్చి మార్చి చూసి, “ఫీజిబిలిటీ లేదు సార్, బాక్సులో పోర్టు ఖాళీ లేదు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ముంబైలోనో బెంగళూరులోనో ఉన్న సర్వరుకు మీ పిన్‌కోడ్ తెలుసు, మీ ఆధార్ తెలుసు, మీ పుట్టినరోజు తెలుసు. పోర్టు సంగతి ఈ కుర్రాడికే తెలుసు.

అపార్ట్‌మెంటులో ఉంటే ఈ మాత్రం వినోదం కూడా లేదు. అక్కడ వరమాల మీ చేతిలో పెట్టరు, అసోసియేషన్ సెక్రటరీ గారి చేతిలో పెడతారు. ఆయన సీసీ కెమెరాలకు ఉచిత కనెక్షన్, కమ్యూనిటీ హాలుకు ఉచిత వైఫై పుచ్చుకుని, “మన బిల్డింగ్‌కి ఒక కంపెనీ చాలండీ, తీగలెక్కువైతే ఎలివేషన్ పాడవుతుంది” అని వాట్సాప్ గ్రూపులో ప్రకటిస్తారు. ఎలివేషన్ మీద ఆయన ప్రేమ అపారం. అదే ఎలివేషన్ మీద ఆయన ఏసీ డబ్బాలు మూడు వేలాడుతూ పక్కింటి బాల్కనీలోకి నీళ్లు కారుస్తుంటాయి, అది వేరే సంగతి. రెండో కంపెనీ వాళ్లు వచ్చి డక్టులోంచి తీగ లాగుతామంటే గేటు దగ్గరే ఆపేస్తారు. దేశంలో టెలికాం పోటీని కాపాడడానికి ఢిల్లీలో ఒక నియంత్రణ సంస్థ ఉంది, ఒక ట్రిబ్యునల్ ఉంది, ఒక కాంపిటీషన్ కమిషన్ ఉంది. మీ బిల్డింగ్‌లో పోటీని మాత్రం వాచ్‌మన్ చూసుకుంటున్నాడు.

సొంతిల్లు ఉన్నవాళ్ల కథ ఇంకొంచెం పాతది. తొంభైల్లో మేడ మీద డిష్షు పెట్టి వీధి మొత్తానికి రాత్రి పది గంటల సినిమా వేసిన కేబుల్ ఆయన గుర్తున్నాడా? ఆయనే. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. మీరు జాతీయ కంపెనీ అనుకునేది చాలా వీధుల్లో వాళ్ల షాపు షట్టరు మీది బోర్డు మాత్రమే. బిల్లు కంపెనీది, తీగ ఓనర్‌ది, నిచ్చెన కుర్రాడిది. బోర్డులు మారుతుంటాయి. హైదరాబాద్‌లో ఒకప్పుడు బీమ్ అని ఉండేది, బెంగళూరు నుంచి యాక్ట్ వచ్చి కొనుక్కుంది. హాత్‌వేలో మెజారిటీ వాటాకు 2018లో రిలయన్స్ ఒప్పందం చేసుకుంది. పై అంతస్తుల్లో సంతకాలు, కరచాలనాలు, పత్రికల్లో విశ్లేషణలు. స్తంభం మీద మాత్రం అదే తీగ, దాని అతుకు మీద అదే ఇన్సులేషన్ టేపు. కంపెనీ చేతులు మారిందన్న కబురు ఆ టేపుకు ఇంకా చేరలేదు.

ఇక వేగం. ప్రకటనలో 100 అనేది అరగజం ఎత్తు ఉంటుంది. పక్కన “వరకు” అని చీమకు మాత్రమే కనిపించే అక్షరాలుంటాయి. సున్నా కూడా వంద వరకు లోపలిదే కాబట్టి ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. పైగా కంపెనీ అమ్మేది బిట్ల లెక్కలో, మీ ఫోను సినిమా సైజు చూపించేది బైట్ల లెక్కలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే వంద ఎంబీపీఎస్ పూర్తిగా వచ్చినా సెకనుకు దిగేది పన్నెండున్నర మెగాబైట్లే. వంద రూపాయలిచ్చి పన్నెండున్నర చిల్లర తీసుకున్న మొహం పెట్టకండి, తప్పు లెక్కల మాస్టారిది.

ఫైబర్ అంటే ఎక్స్ఛేంజి నుంచి మీ ఇంటికి మీ సొంత దారి అని కదా మీ ఊహ. ఎక్కువచోట్ల ఉన్నది జీపాన్ పద్ధతి. ఎక్స్ఛేంజిలోని ఒక పోర్టు నుంచి ఒకే ఒక్క పోగు బయల్దేరి, స్ప్లిటర్ అనే చిన్న డబ్బాలో చీలి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పోతుంది. ఆ పోర్టు మొత్తానికి కిందికి దిగే వేగం దాదాపు 2,500 ఎంబీపీఎస్. అరవై నాలుగు ఇళ్లకూ తలా 300 అమ్మారనుకోండి, ఇచ్చిన మాట 19,200, చేతిలో ఉన్నది 2,500. న్యాయంగా మాట్లాడాలంటే ఇందులో మోసం లేదు. అరవై నాలుగు ఇళ్లూ ఒకే క్షణంలో లాగవు కాబట్టి ప్రపంచమంతా ఇదే లెక్క మీద నడుస్తోంది. అసలు ఇరుకు చాలాసార్లు ఇంకా పైన, ఆపరేటరు టోకున కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ దగ్గర ఉంటుంది. ఎంత కొన్నాడు, ఎంతమందికి పంచాడు అన్నది ఏ హోర్డింగు మీదా ఉండదు. ఐపీఎల్ ఫైనల్ రాత్రి చివరి ఓవర్లో తెలుస్తుంది. బౌలరు పరుగు మొదలుపెడతాడు, స్క్రీన్ మీద సున్నా తిరగడం మొదలుపెడుతుంది. పక్కింట్లోంచి కేక వినిపిస్తుంది. సిక్సు పోయిందని మీకు గోడ చెప్తుంది.

ఫోన్ చేసి అడిగితే స్పీడ్ టెస్ట్ పెట్టి చూడమంటారు. చూస్తారు. 98 వస్తుంది. ఎందుకు రాదు? వేగం కొలిచే ఆ సర్వరు చాలాసార్లు ఆ కంపెనీ సొంత నెట్‌వర్కులోనే కూర్చుని ఉంటుంది. పేపర్లు దిద్దేది పిల్లాడి మేనమామ అయితే ఫస్టు క్లాసు రాక ఏమవుతుంది?

చట్టమైనా ఆదుకోదా అంటే, చట్టం ఆశలు మరీ చిన్నవి. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అన్నారు. తర్వాత 512 చేశారు. 2023 జనవరిలో మహా ధైర్యం చేసి 2 ఎంబీపీఎస్‌కు తెచ్చారు. కాబట్టి 300కు డబ్బు కట్టిన ఇంట్లో రెండే వస్తున్నా సర్కారు వారి నిర్వచనం ప్రకారం మీరు బ్రాడ్‌బ్యాండ్ అనుభవిస్తున్నట్టే. అనుభవించడం చేతకాకపోతే ఆ లోపం మీది.

అన్‌లిమిటెడ్‌కూ ఒక లిమిటుంది. చాలా ప్లాన్లలో అది నెలకు 3,300 జీబీ. మామూలు కుటుంబం అంత వాడనూ లేదు, దీని మీద కోపం ఖర్చుపెట్టడం దండగ. కాకపోతే బీఎస్ఎన్ఎల్ రోజులు గుర్తొస్తాయి. రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా లెక్క ఉండని ప్లాన్లుండేవి. అలారం పెట్టుకుని లేచి, డౌన్‌లోడు నొక్కి, మళ్లీ దుప్పటి కప్పుకున్న తరం ఒకటుంది. అప్పటి హద్దు గోడ గడియారం చూస్తే తెలిసేది. ఇప్పటి హద్దు నియమ నిబంధనల్లో ఎక్కడో చివరి పేజీలో ఉంటుంది, ఆ పేజీ తెరుచుకోవడానికి మంచి నెట్ కావాలి.

నిజానికి ఎవరికి ఎంత కావాలి? నెట్‌ఫ్లిక్స్ తన 4కే బొమ్మకు అడిగేదే 15 ఎంబీపీఎస్. వీడియో కాల్‌కు మూడో నాలుగో చాలు. అయినా డల్లాస్‌లో ఉన్న మనవరాలి ముఖం చూడడానికి తాతయ్య 300 ప్లానే కొంటాడు. కొన్నాక కూడా ఆ పిల్ల నోరు తెరిచిన భంగిమలోనే ఆగిపోతుంది. ఎందుకంటే రూటర్ హాల్లో టీవీ వెనక షోకేసులో ఉంది, తాతయ్య వెనక గదిలో మంచం మీద ఉన్నాడు, మధ్యలో రెండు గోడలూ ఒక ఇనప బీరువా ఉన్నాయి. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగంగా పోతుంది కానీ గోడ తగిలితే నీరసిస్తుంది. 2.4 గోడలు దాటుతుంది కానీ అపార్ట్‌మెంటులోని రూటర్లన్నీ దాని నెత్తినే ఎక్కి కూర్చుంటాయి. ఇది కంపెనీకి తెలుసు. రూటర్ నడింట్లో పెట్టమని చెప్తే సరిపోతుందనీ తెలుసు. కానీ తీగ పొడవు తలుపు దాకే వచ్చింది, ఇంకో పది మీటర్లు లాగితే ఎవరి జేబులోంచో పోతుంది. అందుకని పెద్ద ప్లానుకు మారమని సలహా ఇస్తారు. గోడను పల్చన చేసే ప్లాను మాత్రం ఇంకా ఏ కంపెనీ విడుదల చేయలేదు.

499 అని చదివి సంతోషించినవాడు 18 శాతం జీఎస్టీ కలిశాక 589 కడతాడు. కన్యాశుల్కంగా వచ్చిన ఇరవై యాప్‌లలో పదిహేడింటి పేర్లు వాటిని పెట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియవు. ల్యాండ్‌లైను ఉచితం. దానికి ఫోన్ చేసేది ఆ కంపెనీ ఒక్కటే, ప్లాను పెంచుకోమని.

సరే, పెట్టించుకున్నారు, ఒకరోజు నెట్ పోయింది. అసలు కాపురం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

“రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?”

చేశానమ్మా.

“లాస్ లైట్ ఎర్రగా వస్తోందా సార్?”

వస్తోంది.

“మీ ఏరియాలో ఫైబర్ కట్ అయింది సార్, మా టీమ్ వర్క్ చేస్తోంది. ఇంకేమైనా సహాయం కావాలా సార్?”

ఇంకేమైనా అన్న ఆ మాట విన్నప్పుడు మనిషిలో పుట్టే భావానికి మన అలంకారశాస్త్రంలో రసం లేదు. ఫైబరు తెగడానికి ఒక పంచాంగముంది. వేసవిలో జేసీబీ, వానాకాలంలో చెట్టుకొమ్మ, భాద్రపదంలో వినాయకుడు. విగ్రహం ఎత్తు ఏటేటా పెరుగుతుంది, తీగల ఎత్తు పెరగదు, కాబట్టి ఊరేగింపు ముందు ఇద్దరు కుర్రాళ్లు పంగలకర్ర పట్టుకుని వీధి వీధి ఇంటర్నెట్టునూ పైకెత్తుకుంటూ నడుస్తారు. ఏడాది పొడవునా కోతులు. కోతి కొరికితే కంపెనీకి బాధ్యత లేదు, అది దైవఘటన. హనుమంతుడు కాబట్టి మనం కూడా గట్టిగా ఏమీ అనలేం.

సాయంత్రానికి కుర్రాడు ఫోన్ చేస్తాడు. “సార్, మీకు ఓటీపీ వచ్చింటది, చెప్పండి.” నెట్ రాలేదు కదయ్యా. “వస్తది సార్, ముందు ఓటీపీ చెప్పండి, టైము దాటితే నాకు ఫైన్ పడతది.” జాలిపడి చెప్పేస్తారు. కంపెనీ రికార్డుల్లో మీ సమస్య గడువు లోపలే పరిష్కారమైపోయింది. కాసేపటికి మెసేజి వస్తుంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారని. బయటికెళ్లి ఆకాశం చూసి లెక్కపెట్టుకోవడం తప్ప మీ ఇంట్లో ఆ రాత్రికి వేరే కాలక్షేపం లేదు.

ఈ కుర్రాడిని మాత్రం తిట్టకండి. హెల్మెట్ లేదు, గ్లౌజులు లేవు, పైన కరెంటు లైను, కింద ట్రాఫిక్, మధ్యలో నిచ్చెన. పెట్రోలు సొంత జేబులోంచి. ఇంత పెద్ద కంపెనీ దేహంలో పనిచేస్తున్న అవయవం అతనొక్కడే, ఆ అవయవం కంపెనీ జీతాల పట్టీలో లేదు.

నియమాలు లేక కాదు. 2006లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రాసిపెట్టింది. మరమ్మతు మూడు పనిదినాలు దాటితే ఏడు రోజుల అద్దె, ఏడు దాటితే పదిహేను రోజులది, పదిహేను దాటితే నెల మొత్తం వినియోగదారుడికి తగ్గించాలని. అలా తగ్గించుకున్న మనిషి మీ ఎరుకలో ఉంటే పిలిచి శాలువా కప్పండి. పోనీ ట్రాయ్‌కే మొరపెట్టుకుందామంటే, విడివిడి ఫిర్యాదులు తన పని కాదంటుంది. ముందు కంపెనీ దగ్గర డాకెట్ నంబరు పుచ్చుకోవాలి. తృప్తి కలగకపోతే అప్పీలు. ఎవరికి? ఆ కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి. తేల్చడానికి గడువు 39 రోజులు. అయ్యప్ప మండల దీక్షకు రెండు రోజులు తక్కువ. నల్లబట్టలు కట్టుకుని కటిక నేల మీద పడుకుంటే ఆ రెండు రోజులూ కలుపుకుని శబరిమలైనా చూసి రావచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా వెళ్లకూడదా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి, వెళ్లొచ్చని 2022లో తేలింది. సంతోషం. నెలకు ఆరువందల నెట్ కోసం వాయిదాలకు తిరిగే ఓపిక ఎంతమందికి ఉంటుందో కంపెనీ వకీళ్లకు మనకన్నా బాగా తెలుసు.

స్తంభం దగ్గరికి మళ్లీ రావాలి, ఈసారి నవ్వకుండా. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. అప్పుడు అందరూ తలలెత్తారు. అన్నేళ్లుగా స్తంభాల మీది ఆ తీగలు అక్కడే ఉన్నాయి. మీటరు రీడింగుకు వచ్చేవాళ్లు, ఓట్లడగడానికి వచ్చేవాళ్లు, ప్లాన్లమ్మడానికి వచ్చేవాళ్లు అందరూ వాటి కిందనుంచే తిరిగారు. ఆ వెంటనే కత్తెర్లు బయటికొచ్చి నగరమంతటా కేబుళ్ల కోత మొదలైంది. అనుమతి ఉన్న తీగేదో, లేనిదేదో, ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లదేదో విడదీసి చూసే తీరిక ఆ కత్తెరకు లేదు. ఒక కంపెనీ హైకోర్టుకెక్కింది. భూగర్భ కేబుళ్ల మాట మళ్లీ వినబడింది. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదనిపిస్తుంది నాకు. మీరు కంపెనీ మారినప్పుడు పాత తీగ ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. కొత్త తీగ లాగితే కుర్రాడికి కూలి వస్తుంది, పాతది విప్పితే రాదు. స్తంభం మోస్తున్న బరువులో ఎంత భాగం అలా చచ్చిన కనెక్షన్లదో లెక్కగట్టే శాఖ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో సర్కారే స్తంభాలెక్కింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. అప్పట్లో నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను మూడూ. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబులు లాగడంతో ఖర్చు తగ్గింది. మంచి ఆలోచనే, ఇప్పటికీ ఆ మాటంటాను. తర్వాతి కాలంలో ఆ ఫైబరులో డేటా కన్నా ఆరోపణలూ ప్రత్యారోపణలే ఎక్కువ వేగంతో ప్రయాణించాయి. ఇంటి గుమ్మం దాకా తెచ్చిచ్చేది అక్కడా మన కేబుల్ ఆయనే.

స్తంభం పీడే వద్దు, గాల్లోంచి దింపుతామని 2023 వినాయక చవితికి జియో ఎయిర్‌ఫైబర్ వచ్చింది. తొలి ఎనిమిది నగరాల్లో హైదరాబాదూ ఉంది. మేడ మీద డబ్బా, దానికి 5జీ టవరు నుంచి సిగ్నలు, నెలకు 1,000 జీబీ. కోతి కొరకడానికి వీధిలో తీగ ఉండదు. కానీ టవరుకూ మీకూ మధ్య ఎవరో బిల్డరు ఐదంతస్తులు లేపితే మీ నెట్టుకు గృహప్రవేశం నాడే గ్రహణం.

మరి ఎంచుకునేదెలా అంటారా? మీ ఇంటి కింద జిరాక్స్ షాపు ఆయన్ని అడగండి. నెట్ పోతే ఆయన గల్లా పెట్టె మూతపడుతుంది, ఆయన దగ్గర ఏది నిలబడితే అదే మీ వీధిలో మంచి కంపెనీ. పక్క వీధిలో అదే కంపెనీ చెత్తది కావచ్చు. ఏడాది డబ్బు ముందే కట్టకండి, రాయితీ ఇస్తున్నది మీ మీద ప్రేమతో కాదు, మీరు పారిపోకుండా. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లు దిగే వేగంతో పాటు ఎక్కే వేగమూ అడగాలి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఇంటి కెమెరాను ఇక్కణ్నుంచి చూడాలనుకునేవాళ్లు పబ్లిక్ ఐపీ ఇస్తారా అని అడగాలి, అమ్మేవాడికి ఆ ప్రశ్న అర్థం కాకపోతే జవాబు లేదనే. అన్నిటికన్నా ముఖ్యం, నిచ్చెన కుర్రాడి సొంత నంబరు తీసుకుని దసరాకు ఐదొందలు చేతిలో పెట్టండి. ప్రీమియం సపోర్టు అంటే అది.

ఇంతా చేసి విసిగిపోయి మానేస్తానన్నారనుకోండి, కంపెనీ ఉన్నపళంగా కరిగి నీరవుతుంది. నెట్ పోయినప్పుడు దొరకని మేనేజరు తానే ఫోన్ చేస్తాడు. సగం ధరకు రెట్టింపు వేగం ఇస్తామంటాడు. మూడేళ్లు నోరెత్తకుండా కట్టినవాడికి పూర్తి రేటు, పోతానన్నవాడికి సగం రేటు. మీరు మొండికేశారు. డిపాజిట్ అడిగితే రూటర్ వెనక్కి రాలేదన్నారు, రూటర్ తీసుకెళ్లమంటే మనిషిని పంపుతామన్నారు, ఆ మనిషి బయల్దేరే ఉంటాడు.

కొత్త కంపెనీ యాప్‌లో మళ్లీ రంగుకాగితాలు రాలాయి. మర్నాడు బెల్లు మోగింది. తలుపు తీస్తే వేరే రంగు టీషర్టులో అదే కుర్రాడు. పాత డబ్బా ఊడదీసి పక్కన పడేసి, కొత్త డబ్బా గోడకు కొట్టి, కిటికీలోంచి వస్తున్న అదే తీగను తుడిచి దానికి గుచ్చాడు.

“ఇది పాత కంపెనీ తీగ కదయ్యా?”

“కంపెనీది కాదు సార్, మా ఓనర్‌ది.”

“మరి దానికీ దీనికీ తేడా ఏంటి?”

“దీంట్లో ఆహా ఫ్రీ సార్.”